లీలారాణి ఉడికించిన రంగులు

ముళ్లపొదలోకి మోచేతుల దాకా చేతులు దూర్చి పూలు కోస్తున్న మనిషి వేళ్లనుంచి నెత్తురు కారుతూ ఉంటే, ఆ నెత్తురు తనది కానట్టు ఆ మనిషి ఇంకో కొమ్మను దగ్గరికి లాక్కుంటూ ఉంటే, చూస్తూ చూస్తూ కారు ఆపకుండా పోవడం కష్టం. ఇందుమతి ఆపింది.

గుడ్ ఫ్రైడే వెళ్లిన మర్నాడు, శనివారం పొద్దున పది గంటలు. వాటర్‌ఫోర్డ్ దాటి సముద్రం వైపు పోయే చిన్న రోడ్డు. రెండు పక్కలా గట్ల మీద ఫర్జ్ పొదలు విరగబూసి ఉన్నాయి. ఐర్లాండులో ఏప్రిల్ వచ్చిందంటే, పసుపు బస్తాలు మోసుకుపోయేవాడెవడో మూతి కట్టడం మరిచిపోయి కొండల పొడుగునా ఒలకబోసుకుంటూ పోయినట్టు ఉంటుంది. ఆకు కనబడదు. పువ్వు, దాని కింద ముల్లు, అంతే. మూడు రోజుల సెలవుల్లో టాబ్లెట్ నుంచి తల ఎత్తని ఎనిమిదేళ్ల కూతురు సుధేష్ణకి కాస్త సముద్రపు గాలి తగిలిద్దామని బయల్దేరింది ఇందుమతి. ఆ పసుపులో ఆమెకి ముందు కనబడింది మనిషి కూడా కాదు, మనిషి మోచేతికి వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు. దాని మీద ఎర్రటి తెలుగక్షరాలు: 'శ్రీ వీరభద్ర కట్‌పీసెస్, మెయిన్ రోడ్, పెడన'. నెత్తురు ఆ తరవాత కనబడింది.

"అక్కా! చెయ్యి సూస్కోండి, నెత్తురు గారుతున్నది!"

ఆమె తిరిగి చూసింది. యాభైకి రెండు మూడేళ్లు తక్కువుంటాయేమో. ముందు ఇందుమతిని, తరవాత కారుని, ఆఖరున తన చేతిని చూసుకుంది.

"అవునండి, గుచ్చుకున్నట్టుంది," అని కోటుకి తుడుచుకుంది. నడిరోడ్డు మీద తెలుగు వినబడితే ఇక్కడ మనవాళ్ల మొహాలు దీపం పెట్టినట్టు వెలుగుతాయి. ఆమె మొహం ఎలా ఉన్నది అలాగే ఉంది. "మీది తెలంగాణ వైపా అండీ?"

"జనగామ. మీది పెడననా?"

"కవరు చదివారా. ఏడాదినుంచి వాడతన్నానండి, చిరగదు."

"ఈ పూలు దేవునికా అక్కా?"

"దేవుడికి కాదండి, గుడ్లకి."

వెనకసీటు అద్దం దించుకుని సుధేష్ణ ముక్కు బయట పెట్టింది. "మమ్మీ, ఇట్ స్మెల్స్ ఆఫ్ కోకోనట్ లడ్డూ!" అంది అచ్చమైన వాటర్‌ఫోర్డ్ యాసలో. నిజమే. ఫర్జ్ పువ్వు దగ్గర నిలబడితే కొబ్బరి కోరుతున్న వంటింటి గుమ్మంలో నిలబడ్డట్టే ఉంటుంది. కొబ్బరిచెట్టు ముఖం ఎరగని ఈ నేలకి ఆ వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరిని అడిగినా భుజాలెగరేస్తారు తప్ప చెప్పరు.

ఆమె పేరు లీలారాణి. ఇంకో నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక వృద్ధాశ్రమంలో పని. పండగ సెలవు కాబట్టి బస్సు గంటన్నరకొకటి. ఎలాగూ పూలు కొయ్యాలి గనక నడుస్తోందట. ఇందుమతి బతిమాలి కారెక్కించింది. డాష్‌బోర్డులోంచి తడి టిష్యూలిస్తే లీలారాణి వేళ్లు తుడుచుకుంది గానీ, ముళ్లు ఇంకా రెండు విరిగి చర్మంలోనే ఉన్నాయి. అవి ఇందుమతికే నొప్పి పెడుతున్నట్టనిపించింది.

"గుడ్లకేందక్కా?"

"ఈస్టర్ గుడ్లకి రంగులండి. మందురంగులు కాదు, పూలూ తొక్కలే. మా నాన్న గుడ్డలకేసేవాడు, నేను గుడ్లకేస్తన్నాను." ఒక్కసారి పెదవి కొసన ఏదో కదిలి ఆగిపోయింది. అది నవ్వే అయ్యుంటుంది.

పెడన గురించి చెప్పుకోవాలంటే చాలా ఉంది. బందరు రేవు నుంచి ఓడలెక్కిన అద్దకపు గుడ్డల కోసం ఒకప్పుడు ఐరోపా దొరసానులు పోట్లాడుకున్నారని చదువుకున్నవాళ్లు చెబుతారు. ఆ గుడ్డలకి రంగెక్కించినవాళ్లు కాలవగట్టున రాగి కాగుల ముందు నిలబడి, కళ్లలో పొగ పోతుంటే, కర్రతో తిప్పుతూనే ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ ఓడా మోసుకుపోలేదు. లీలారాణి తండ్రి అలాంటి కాగుల్లో ఒకదాని ముందు ముప్ఫయ్యేళ్లు నిలబడ్డాడు. కరక్కాయ నీళ్లలో నానేస్తే గుడ్డకి రంగు పట్టే గుణం వస్తుంది, పటికా మంజిష్ఠా కలిస్తే ఎరుపు, దానిమ్మ తొక్కకి పసుపు, ఇనుము తగిలిందా నలుపు. పదేళ్లొచ్చేసరికి ఇదంతా ఆమెకి ఎక్కాల్లా వచ్చు. తరవాత డబ్బాల్లో రంగులొచ్చాయి, కాగులు పాతసామాన్లవాడి బండెక్కాయి. ఆమె బందర్లో ఓ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పెళ్లయింది. భర్త యెషయా అచ్చులద్దేవాడు. కామెర్లొచ్చి, ప్రెయిస్ అనే నాలుగేళ్ల పిల్లని మిగిల్చి పోయాడు. ఆ తరవాత కువైట్‌లో ఆరేళ్లు ఒక ముసలమ్మని ఎత్తి దించింది, ఇజ్రాయెల్లో ఎనిమిదేళ్లు ఒక ముసలాయన్ని ఎత్తి దించింది. పద్నాలుగు నెలల కిందట ఐర్లాండొచ్చి, ఇక్కడ ఒక్కరు కాదు, పూటకి పదకొండు మందిని.

ఇదంతా ఆమె కారులో కూచుని, కిటికీలోంచి చూస్తూ, బస్సుస్టాపుల పేర్లు చదువుతున్నట్టు చెప్పింది. యెషయా చచ్చిపోయిన మాటకీ, కువైట్‌లో ఏసీ చెడిపోయిన మాటకీ గొంతులో తేడా లేదు.

"ఇవాళ్టిదాకా కేరర్నేనండి, ముసలాళ్లని ఎత్తి దించే పని. పండగెళ్లాక యాక్టివిటీస్." ఆ ఆఖరి మాటని కొత్తగా పెట్టించుకున్న కట్టుడుపన్నులా జాగ్రత్తగా వాడింది.

"అంటే ఆటలు, పాటలు పెట్టించుడా?"

"అదేనండి. బింగో ఆడించడం, బొమ్మలేయించడం. ఎత్తడాలుండవు." కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. "ఈ మూడు వేళ్లూ నావి కావండి ఇప్పుడు. మొద్దుబారిపోయినయ్. మణికట్టు దగ్గర నరం నలిగిందన్నాడు జీపీ డాక్టరు. ఇంక ఎత్తితే మొత్తం పోద్దంట. చెయ్యి పోతే పని పోద్ది, పని పోతే పర్మిట్టు పోద్ది. యాక్టివిటీస్‌కి మనిషి కావాలని నోటీసు బోర్డులో పెట్టారు. అప్లికేషన్ రాసుకుని మేనేజరమ్మ దగ్గరికెళ్లాను. నోరీన్ అని, మంచి మనిషండి. కాగితం చదవను కూడా చదవలా. మళ్లీ నా చేతిలోనే పెట్టేసి, భుజం తట్టి, 'యు ఆర్ గ్రాండ్, లీలా' అంది."

ఇందుమతి కాలు బ్రేకు మీదికి పోయింది. ముందు అడ్డం ఏమీ లేదు.

"ఏమన్నదక్కా?"

"గ్రాండ్ అంది. నీలాంటిదానికి కాగితాలెందుకు అన్నట్టు."

"యు ఆర్ గ్రాండ్ అన్నదా, దట్ వుడ్ బీ గ్రాండ్ అన్నదా?"

"రెంటికీ తేడా ఏవుందండి?"

మాటలకీ మనుషులకి మల్లేనే తలరాతలుంటాయి. ఒకే ఓడలో బయల్దేరి ఒకటి ఒక రేవులోనూ, ఒకటి ఇంకో రేవులోనూ దిగి, పరాయివైపోతాయి. 'గ్రాండ్' అనే మాట మన దగ్గర దిగి పట్టుచీర కట్టుకుంది. పెళ్లి గ్రాండ్‌గా చేశారంటే మూడువందల విస్తళ్లు లేచినట్టు. అదే మాట ఐర్లాండులో దిగి ఇంట్లో తిరిగే పాత స్వెట్టరు తొడుక్కుంది. ఎలా ఉన్నావంటే గ్రాండ్, అంటే బతికే ఉన్నాను. టీ తాగుతావా అంటే ఐ యామ్ గ్రాండ్, అంటే వద్దు. దట్ వుడ్ బీ గ్రాండ్ అంటే మాత్రం, సరే అలాగే కానీ అని. ఇక నువ్వేదైనా చెయ్యి చాచి ఇవ్వబోతే ఎదుటివాళ్లు నీ భుజం తట్టి 'యు ఆర్ గ్రాండ్' అన్నారా, అంతకన్నా మర్యాదగా వద్దని చెప్పడం ఈ దేశంలో ఎవరికీ రాదు.

ఇందుమతికి ఇది పదకొండేళ్ల కిందటే తెలిసింది. వచ్చిన కొత్తలో పక్కింటావిడకి వేడివేడిగా సర్వపిండి పట్టుకెళ్తే ఆవిడ "ఆ నో, యు ఆర్ గ్రాండ్" అంది. మెచ్చుకుందనుకుని ఇంకో రెండు ముక్కలు వేసొచ్చింది. తరవాత వారం రోజులు ఆ కథ చెప్పుకుని మొగుడూ పెళ్లాం నవ్వుకున్నారు. అది సర్వపిండి గనక నవ్వుకున్నారు.

వెనక నుంచి సుధేష్ణ ముందుకి వంగింది. ఈ పిల్లకి తెలుగు మాట్లాడమంటే నోరు రాదు గానీ, వినడంలో ఒక్క ముక్క పోనివ్వదు. "బట్ మమ్మీ, యు ఆర్ గ్రాండ్ మీన్స్..."

"సుధీ! నోరు మూస్కొని కూసో."

"పాపేదో అంటంది?" అంది లీలారాణి.

"ఏం లేదక్కా. ఆకలైతున్నదట."

లీలారాణి కోటు జేబులోంచి ఒక బిస్కట్ పొట్లం తీసి వెనక్కిచ్చింది. సుధేష్ణ అద్దంలో తల్లి కళ్లలోకి చూస్తూ తీసుకుంది. "ప్రెయిస్‌క్కూడా చెప్పేశానండి," అంటోంది లీలారాణి. "నర్సింగ్ ఆఖరేడాది, గుంటూర్లో. ఇంక అమ్మ చేతులకేం భయం లేదే, కుర్చీలో కూచునే పనొచ్చిందని. అది హాస్టలంతా చాక్లెట్లు పంచిందంట. ఆర్డరు కాగితం ఇంకా ఇవ్వలేదు. పండగెళ్లాక ఇస్తారేమో. ముందీ గుడ్ల పని అప్పజెప్పింది మేనేజరమ్మ. 'నీకు రంగులొచ్చంటగా లీలా, శనివారం నువ్వు చేయించు' అని. నాకివాళ సెలవే."

చెప్పాలి, అనుకుంది ఇందుమతి. ఆ మూల తిరగ్గానే చెప్పాలి. మూల తిరిగింది. గేటు వచ్చేసింది.

"మీరూ పాపా కాసేపుంటారా అండీ? రెండు చేతులుంటే నాకూ సాయం," అంది లీలారాణి. ఇందుమతి సరేనంది. ఎందుకంటే చెప్పడానికి ఇంకాస్త టైము దొరుకుతుంది.

వంటగదిలో లీలారాణి వేరే మనిషి. మాట తగ్గింది, నడకలో తొందర లేదు, పక్కకి చూసే అవసరం లేకుండా ప్రతిదీ చేతికందింది. వారం రోజులుగా వంటవాళ్లని అడిగి పోగుచేసిన ఉల్లిపొట్టు ఓ గిన్నెలో, తరిగిన ఎర్ర క్యాబేజీ ఓ గిన్నెలో, ఫర్జ్ పూలు ఓ గిన్నెలో పొయ్యెక్కాయి. పటిక తన డబ్బాలోంచి తీసింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నది. ఆశ్రమంలో ఉండే తొంభై ఒక్కేళ్ల మిసెస్ పవర్, లీలారాణి లెక్కలో పవరమ్మ, చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఒళ్లో ఒక ఇనప కుండ పెట్టుకు కూచుంది. వాళ్లమ్మది. ఫర్జ్ గుడ్లు ఇందులోనే ఉడికించాలని పట్టు.

"నో పవరమ్మా, ఐరన్ టచింగ్, ఆల్ బ్లాక్," అంది లీలారాణి.

"మై మదర్..."

"యువర్ మదర్ వెరీ గుడ్. నో ఐరన్."

ముసలావిడ మొహం చిన్నబుచ్చుకుంటే, లీలారాణి ఆ కుండలో ఉడికిన గుడ్లు పెట్టుకోవడానికి మెత్తగా తువ్వాలు పరిచి మళ్లీ ఆవిడ ఒళ్లోనే పెట్టింది. ఆవిడ మొహంలోకి పవర్ మళ్లీ వచ్చింది.

ఇక్కడ గుడ్లన్నీ గోధుమరంగువే, తెల్లవి దొరకవు. "కోరా గుడ్డలాంటియ్యండి ఇయ్యి. దీని మీద రంగు అరవదు, మాట్లాడుద్ది," అంటూ ఒక్కో గుడ్డు మీద పెరట్లోంచి తెచ్చిన ఆకు అతికించింది. చిన్న ఫెర్న్ ఆకు, మూడు రేకల షామ్రాక్ ఆకు, కొత్తిమీర. ఆకు కదలకుండా బిగించడానికి పాత మేజోళ్లు కావాలి. ముసలాళ్ల కాళ్లవాపుకి తొడిగి, సాగిపోయాక పారేసే బిగుతు మేజోళ్లు ఆశ్రమంలో సంచుల కొద్దీ ఉన్నాయి. ఉతికినవే. సుధేష్ణ అది తెలిసి "యక్!" అంది గానీ, కత్తెర మాత్రం వదల్లేదు. ఆకు ఉన్న చోట రంగెక్కదు, మిగతా అంతా ఎక్కుతుంది. పెడనలో మైనంతో చేసే పనే ఇక్కడ ఒక ముసలాయన మేజోడు చేస్తోంది.

ఉల్లిపొట్టు గిన్నె కుతకుతమంటోంది. "రంగు వేడి మా నాన్న వేలితో చూసేవాడండి," అంది లీలారాణి. "మూడు లెక్కపెట్టేలోపు వేలు తియ్యాలనిపించాలి. అప్పుడు సరిగ్గా ఉన్నట్టు." అని చూపుడువేలు ముంచింది. "ఒకటి. రెండు. మూడు." ముంచే ఉంచింది. "నాలుగు. ఐదు."

"అక్కా!"

"ఇంకా కాగలేదులెండి. ఆరు. ఏడు..."

ఇందుమతి ఆమె మణికట్టు పట్టుకుని బయటికి లాగేసింది. వేలి కొస తెల్లగా అయి, చూస్తుండగానే ఉబ్బింది. లీలారాణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాగిందన్నమాట," అంది. చన్నీళ్ల కింద పెట్టమని ఇందుమతి గోల పెడితే పెట్టింది, ఇందుమతి కోసం. కుళాయి నీళ్ల చప్పుడులో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. చెప్పాలంటే అదే సమయం.

"అక్కా, ఆ నోరీన్ అన్న మాట..."

"ఊఁ?"

"...మీ పని సూస్తే ఆమె ఖుషీ అయితది."

అలా చెప్పేసింది. చెప్పాక, అదేమీ అబద్ధం కాదని తనకి తాను సర్దిచెప్పుకుంది. గుడ్లు బాగా వస్తే ఆ మేనేజర్ చూస్తుంది. చూస్తే మనసు మారొచ్చు. ఇంత పని తెలిసిన మనిషిని చేతిలో పెట్టుకుని ఇంకొకర్ని ఎవరు తీసుకుంటారు? మంచివాళ్లు ఎదుటివాళ్లకి చెడ్డకబురు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇలాంటి లెక్కలే వేస్తారు. అవి ఎప్పుడూ తమకి అనుకూలంగానే తేలతాయి.

మధ్యాహ్నం హాల్లో పదిమంది ముసలాళ్లు బల్ల చుట్టూ చేరి మేజోళ్లు కత్తిరించి విప్పారు. ఉల్లిపొట్టు గుడ్లు కొత్త ఇటుకలా ఎర్రగా ఉన్నాయి, మధ్యలో ఫెర్న్ ఆకు ఈనెలతో సహా దిగింది. క్యాబేజీలోవి వానకి ముందు సముద్రంలా పచ్చా కాని నీలమూ కాని రంగు. ఫర్జ్ గుడ్లు అన్నిటికన్నా లేత. వెలుతురుకి పెడితే గానీ పసుపు తెలియదు. పవరమ్మ అందులో ఒకటి తీసుకుని చెంపకి ఆనించుకుంది. వాళ్ల ఊళ్లో ఈస్టర్ నాడు పిల్లలంతా గుడ్లు పట్టుకుని కొండెక్కి దొర్లించేవాళ్లట. ఎవరిది పగలకుండా అడుగుకి చేరితే వాళ్లది గెలుపు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ సుధేష్ణ "నో వే!" అంది. మాట్లాడటం మానేసి ఏడాదైన ఒక పెద్దాయన మేజోడు విప్పి చూసి "బై గాడ్," అన్నాడు. పక్కనున్న నర్సు కళ్లు తుడుచుకుంది. లీలారాణి గిన్నెలు సర్దుతోంది. ఆమె మొహం చూసి ఆ గుడ్లు బాగున్నాయో లేదో ఎవరూ చెప్పలేరు.

మూడింటికి నోరీన్ వచ్చింది. వెంట పాతికేళ్ల అమ్మాయి, ఉంగరాల జుట్టు, మెళ్లో కొత్త బ్యాడ్జి. నోరీన్ బల్ల చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఓ లీలా! ఓన్లీ గార్జస్!" అంది. ఒక్కో గుడ్డూ ఎత్తి చూసింది, ఫోటోలు తీసింది. తరవాత చప్పట్లు కొట్టి అందర్నీ ఇటు చూడమని, పక్కనున్న అమ్మాయిని ముందుకు తెచ్చింది. వీళ్లకి ఇకనుంచి యాక్టివిటీస్ చూసే మనిషి ఈ అమ్మాయే, మంగళవారం నుంచి వస్తుంది, గట్టిగా స్వాగతం చెప్పండి అంది. ముసలాళ్లు చేతనైనంత చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి సిగ్గుపడి, ఇవెవరు చేశారు, నాకూ నేర్పాలి అంది.

లీలారాణి చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది. శబ్దం కాకుండా పెట్టింది.

"మేడం. యు టోల్డ్ మీ గ్రాండ్."

నోరీన్‌కి అర్థం కాలేదు. నిజంగానే కాలేదు, ఆవిడ మొహంలో దాచుకునేది ఏమీ లేదు. "బట్ యు ఆర్ గ్రాండ్, లీలా!" అంది ప్రేమగా, మళ్లీ భుజం తట్టి. ఫ్లోర్ మీద, అంటే ఎత్తి దించే పనిలో, నువ్వు లేకపోతే మేమేమైపోవాలి అంది.

లీలారాణి తల తిప్పి ఇందుమతిని చూసింది. సుధేష్ణ కూడా తల్లినే చూసింది.

"ఆ మాటకి అర్థం మీకు ముందే తెల్సా అండీ?"

"తెల్సు అక్కా."

"ఎప్పట్నించి?"

"కార్లనే."

"అయితే పాపకి ఆకలవలేదన్నమాట."

"గుడ్లు మంచిగొస్తే ఆమె మనసు మారుతదేమో అనుకున్న అక్కా. ఒట్టు. నోరు రాలేదు నాకు..."

"మంచిగానే వచ్చినయ్ కదండీ," అంది లీలారాణి. కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఇందుమతికి.

పవరమ్మ తల వాల్చేసింది. అలిసిపోయింది. రెండో కేరర్ టీకి వెళ్లింది, ఎలాగూ ఉన్నావు కాబట్టి మిసెస్ పవర్‌ని కాస్త మంచమెక్కిస్తావా లీలా అంది నోరీన్. సెలవన్న సంగతి ఆవిడకి గుర్తు లేదు, లీలారాణి గుర్తు చెయ్యలేదు. ఏప్రన్ ముడి బిగించుకుంది. పాదంతో కుర్చీ బ్రేకు వదిలింది. వేళ్లతో పట్టు చిక్కక, రెండు ముంజేతులూ పిడుల మీద ఆనించి ఒంటి బరువుతో నెట్టింది. ముసలావిడ ఒళ్లోని ఇనపకుండలో గుడ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యాయి.

"అక్కా, నేను ఈడ్నే ఉంట. పనైనంక ఇంటికాడ దింపుత," అంది ఇందుమతి. "అక్కా! నంబరన్నా ఇయ్యండి."

కుర్చీ తలుపు దాకా వెళ్లింది. లీలారాణి వీపుతో తలుపు నెట్టి, కుర్చీని తనవైపు లాక్కుంటూ అవతలికి వెళ్లింది. అలా వెళ్లేటప్పుడు మొహం హాలు వైపే ఉంది. చూపు మాత్రం కుర్చీ చక్రాల మీద ఉంది. తరవాత కుర్చీని తిప్పుకుని, పొడుగాటి వరండాలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.